లో ఫ్లోలో మత్తు ఇస్తే ఏ గ్యాస్‌తో రోగి త్వరగా లేస్తాడు?

డాక్టర్ గారూ, మీరు అడిగింది ఇది. మీ ఏరియా ఆసుపత్రిలో సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తు మందులు రెండూ ఉన్నాయి. కొత్త మెషీన్ వచ్చాక నిమిషానికి అర లీటరు, ముప్పావు లీటరు ఫ్లోలో, అంటే కొత్త గ్యాస్ తక్కువగా పంపుతూ రోగి వదిలినదాన్నే మళ్ళీ వాడే లో ఫ్లో పద్ధతిలో, మత్తు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి రోగులు ఆలస్యంగా లేస్తున్నారని, ఆపరేషన్ల లిస్ట్ వెనకబడుతోందని సర్జన్ గారు విసుక్కుంటున్నారు. అదే కోవకు చెందిన డెస్‌ఫ్లూరేన్ తెప్పించమని సూపరింటెండెంట్ గారికి రాయాలా వద్దా అని మీ సందేహం.

ఇప్పుడే రాయకండి. మీరు చెప్పిన ఆలస్యంలో ఎక్కువ భాగం సర్క్యూట్ వల్ల, అంటే రోగికీ మెషీన్‌కూ మధ్య గ్యాస్ తిరిగే దారి వల్ల వస్తున్నదే. కేసు చివరి ఇరవై నిమిషాల్లో చేసే పని మార్చుకుంటే మీ దగ్గరున్న రెండు మందులతోనే చాలావరకు సరిపోతుంది. డెస్‌ఫ్లూరేన్‌కు నిజంగా పైచేయి ఉన్న రోగులూ ఉన్నారు, వాళ్ళ గురించి తర్వాత చెబుతాను.

నేను పాత మత్తు మందు హాలోథేన్‌తో పని నేర్చుకున్న తరం మనిషిని. తర్వాత ఐసో, సెవో, డెస్ మూడింటినీ చాలా ఏళ్ళు వాడాను. ముందు రక్తంలో కరిగే గుణం సంగతి చూద్దాం, మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. రక్తం, గాలి మధ్య పంపక గుణకం డెస్‌ఫ్లూరేన్‌కు సుమారు 0.42, సెవోకు 0.65, ఐసోకు 1.4, హాలోథేన్‌కు 2.4. ఈ అంకె ఎంత చిన్నదైతే మందు రక్తంలో అంత తక్కువ నిలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి అంత సులువుగా వచ్చేస్తుంది. ఈ వరుస ఒక్కటే చూస్తే డెస్ మొదలు, సెవో తర్వాత, ఐసో ఆఖరు అని తేల్చేయాలనిపిస్తుంది. కానీ రోగి కళ్ళు తెరవడానికి ఒంట్లోని మందంతా పోనక్కర్లేదు.

తడిపిన పంచెను, తడిపిన బొంతను పక్కపక్కన దండెం మీద ఆరేయండి. మొదట కారే నీళ్ళు రెండింటి నుంచీ దాదాపు ఒకే జోరులో కారిపోతాయి. గంట గడిచాక పంచె ఆరిపోతుంది, బొంత లోపలి చెమ్మ మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది. మత్తు వాయువులు దిగడం కూడా అచ్చంగా ఇలాగే. 1997లో బెయిలీ అనే పరిశోధకుడు కంప్యూటర్ మోడల్‌తో కట్టిన లెక్కలు ఈ మాటే చెప్పాయి. గాఢత సగానికి పడటానికి మూడు మందులకూ 5 నిమిషాలు కూడా పట్టదు, కేసు ఎంతసేపు నడిచినా అంతే. 80 శాతం పడటానికి డెస్, సెవో రెండూ 8 నిమిషాల లోపే. ఐసో మాత్రం గంట దాటిన కేసుల్లో అరగంట దాకా తీసుకుంటుంది. 90 శాతం పడాలంటే, 6 గంటల కేసు తర్వాత డెస్‌కు 14 నిమిషాలు, సెవోకు 65, ఐసోకు 86. అంటే డెస్‌కూ సెవోకూ మధ్య అసలు తేడా అంతా చివరి ఇరవై శాతంలోనే ఉంది, ఐసో మాత్రం అంతకు ముందే వెనకబడుతుంది.

ఈ లెక్కను మీ టేబుల్ మీదకు తీసుకురండి. కోత పెట్టినప్పుడు సగం మంది కదలకుండా ఉండే గాఢతను ఒక మ్యాక్ అంటాం కదా. నడివయసులో సెవోకు అది 2 శాతం దగ్గర, ఐసోకు 1.2, డెస్‌కు 6. పిలిస్తే పలికే స్థాయి ఈ మూడింటికీ అందులో మూడో వంతు చుట్టుపక్కల ఉంటుంది. చర్మం కుట్టే వేళకు రోగిని 0.7 మ్యాక్ మీద ఉంచారనుకోండి, పలకడానికి సగం పడితే చాలు. ఆ సగం దగ్గర ఐసోకూ డెస్‌కూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 1.3 మ్యాక్ మీద ఉంచారనుకోండి, 75 శాతం పడాలి. అక్కడ ఐసో మిమ్మల్ని కూర్చోబెడుతుంది. పైగా నలభై దాటాక ప్రతి పదేళ్ళకూ మ్యాక్ సుమారు 6 శాతం చొప్పున తగ్గుతుంది. డెబ్బై ఏళ్ళ తాతగారికి మందు శాతం నిర్ణయించే డయల్‌ను నలభై ఏళ్ళ మనిషికి పెట్టినంతే పెడితే, మనకు తెలియకుండానే ఆయన్ను మరీ లోతుకు దింపేసినట్టు.

అలాగని కేసు మధ్యలో తేలికగా ఉంచమని నేను చెప్పడం లేదు. కండరాలు సడలించే మందు పని చేస్తున్నంతసేపు ఎండ్ టైడల్ గాఢత, అంటే ఊపిరి వదిలే చివర కొలిచే మందు గాఢత, 0.7 మ్యాక్ కంటే కిందికి దిగనివ్వకండి. కదలలేని మనిషికి లోపల మెలకువ రావడం కంటే మన వృత్తిలో ఘోరం లేదు. అరగంట ఆలస్యంగా లేచినా పరవాలేదు, అది మాత్రం జరగకూడదు.

ఇక సర్క్యూట్. సర్క్యూట్ గొట్టాలు, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేసే సోడాలైమ్ డబ్బా, బ్యాగ్, రోగి ఊపిరితిత్తులు అన్నీ కలిపి సుమారు 6 లీటర్ల చోటు అనుకుందాం. ఫ్రెష్ గ్యాస్ నిమిషానికి 6 లీటర్లు ఇస్తే ఆ చోటులో ఏ మార్పయినా ఒక నిమిషానికి 63 శాతం పూర్తవుతుంది, మూడు నిమిషాలకు 95 శాతం. అదే అర లీటరు ఇస్తే మొదటి 63 శాతానికి 12 నిమిషాలు, 95 శాతానికి 36 నిమిషాలు. డయల్ మూసేసి ఫ్లో అలాగే అర లీటరు దగ్గర వదిలేస్తే, రోగి తాను బయటికి వదిలిన మందునే మళ్ళీ మళ్ళీ పీలుస్తుంటాడు. అప్పుడు సీసాలో డెస్ ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు.

ఇది నాకు ఒక పిత్తాశయం కేసులో అర్థమైంది. లో ఫ్లో కొత్తగా మొదలుపెట్టిన రోజులు. ఐసోతో మూడున్నర గంటలు నడిచింది. చివరి కుట్టు పడగానే డయల్ మూశాను, కండరాల మందుకు విరుగుడైన రివర్సల్ ఇచ్చాను, మానిటర్ చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. బయట రోగి భర్త తలుపు దగ్గరికి వచ్చి రెండుసార్లు అడిగారు. నాకు లోపల చెప్పలేనంత టెన్షన్. నొప్పి మందు ఫెంటానిల్ ఎక్కువైందా, షుగర్ పడిపోయిందా, ఏదైనా స్ట్రోకా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తే, చివరికి కన్ను ఫ్లోమీటర్ మీద పడింది. 600 మిల్లీలీటర్లు. ఆక్సిజన్ 10 లీటర్లకు తెరిచి, బ్యాగ్ ఖాళీ చేసి నింపాను. ఆరేడు నిమిషాల్లో ఆమె కళ్ళు తెరిచింది. ఆ రోజు నుంచి డయల్ మూసే చెయ్యే ఫ్లో కూడా తెరవాలని నేను ప్రతి పీజీకీ చెబుతున్నాను.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. మొదటి పది నిమిషాలు 4 నుంచి 6 లీటర్ల ఫ్లో ఇచ్చి రోగిని, సర్క్యూట్‌ను నింపుకుంటాను. తర్వాత లీటరు, అన్నీ కుదురుగా ఉంటే అర లీటరు. అర లీటరు దగ్గర డయల్ మీది అంకెకూ ఎండ్ టైడల్ అంకెకూ పొంతన ఉండదు, ముఖ్యంగా ఐసోతో, మొదటి గంటలో. అందుకే డయల్‌ను చూసి లోతు అంచనా వేయకండి, గ్యాస్‌ను కొలిచే ఎనలైజర్ చూపే అంకెనే నమ్మండి. సర్జన్ గారు పొరలు మూయడం మొదలుపెట్టగానే, అంటే పూర్తవడానికి సుమారు పదిహేను నిమిషాల ముందు, ఫ్లో పెంచకుండానే డయల్ మూసేస్తాను. లో ఫ్లో ఇక్కడ మనకు మేలు చేస్తుంది. సర్క్యూట్‌లో ఉన్న మందే రోగిని కాసేపు మోస్తుంది, గాఢత నిదానంగా జారుతుంది. ఎండ్ టైడల్ 0.7 మ్యాక్ దగ్గరకు వచ్చేసరికి ఇంకా కుట్లు మిగిలి ఉంటే డయల్ కొద్దిగా తెరుస్తాను. చివరి కుట్టు, డ్రెస్సింగ్ అవుతుండగా రివర్సల్ ఇచ్చి, ఆక్సిజన్ 8 నుంచి 10 లీటర్లు తెరుస్తాను. రోగి నిమిషానికి పీల్చే గాలి కంటే ఫ్లో ఎక్కువ ఉంటేనే వదిలిన మందు వెనక్కి రాదు. ఐదు లీటర్లు తెరిచి సరిపెట్టుకోవద్దు. పాత మెషీన్లలో ఆక్సిజన్‌ను ఒక్కసారిగా నింపే ఫ్లష్ బటన్‌ను వెంటిలేటర్ లోపలికి ఊదుతున్న క్షణంలో నొక్కకండి, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది.

ఈ దశలో చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. త్వరగా కడిగేద్దామని వెంటిలేటర్‌ను జోరుగా ఊదిస్తారు. కార్బన్ డయాక్సైడ్ పడిపోయి రోగి సొంతంగా ఊపిరి తీసుకోవడం మానేస్తాడు, ఆ గ్యాస్ మళ్ళీ పేరుకునే దాకా కూర్చోవాలి. ఎండ్ టైడల్ కార్బన్ డయాక్సైడ్ మామూలుగా ఉంచి కడగడమే మంచిది.

సరే, డెస్‌ఫ్లూరేన్ ఎవరికి? కళ్ళు తెరవడం, పేరు చెప్పడం, ట్యూబ్ తీయడం వంటి కొలతల్లో సెవో మీద డెస్‌కు దొరికే లాభం సాధారణ కేసుల్లో ఒకటి రెండు నిమిషాలు, పొడవాటి కేసుల్లో ఇంకొంచెం. రికవరీ గది నుంచి వార్డుకు పంపే సమయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ కళ్ళు తెరవడం వేరు, గుటక వేయగలగడం వేరు. గొంతు కండరాల సమన్వయం ఇంకా కింది గాఢతల దగ్గర కూడా తడబడుతూనే ఉంటుంది, అది ఆ చివరి ఇరవై శాతంలోని సంగతి. నీళ్ళు తాగించి చూసిన అధ్యయనాల్లో, మాట వినగానే రెండు నిమిషాలకు డెస్ తీసుకున్నవాళ్ళు మెరుగ్గా గుటక వేశారు. అందువల్ల 130 కిలోల మనిషి, నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బు, నాలుగు గంటల సర్జరీ అంటే నేను మొహమాటం లేకుండా డెస్ కోరుకుంటాను. కొవ్వులో మిగతా రెండింటికంటే అది తక్కువ చేరుతుంది, రికవరీలో అతని గొంతు అతనే కాపాడుకుంటాడు. మీ ఆసుపత్రిలో అలాంటి కేసులు నెలకు ఎన్ని వస్తాయి? మీరు పంపిన లిస్టులో హెర్నియాలు, గర్భసంచి తొలగింపులు, అపెండిక్స్‌లే ఎక్కువ.

డెస్‌తో వచ్చే ఇబ్బందులూ తెలిసి ఉండాలి. ఘాటు ఎక్కువ, పొగతాగేవాళ్ళు దగ్గుతారు, పిల్లలకు మాస్క్‌తో మొదలుపెడితే గొంతు పట్టేస్తుంది. గాఢత ఒక్కసారిగా పెంచితే గుండె వేగం, బీపీ ఎగురుతాయి. అది 23 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం, మందును ఆవిరి చేసే మామూలు వేపరైజర్‌లో పోయడానికి లేదు. దానికి 39 డిగ్రీలకు వేడిచేసే ప్రత్యేక వేపరైజర్ కావాలి, దానికి కరెంటు కావాలి. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఏసీ, జనరేటర్ ఎంత నమ్మకంగా నడుస్తాయో మీకే తెలుసు.

ఖర్చు లెక్క మీరే వేసుకోవచ్చు. ఫ్లోను లీటర్లలో, డయల్‌ను శాతంలో తీసుకుని రెండింటినీ గుణించి, మళ్ళీ మూడుతో గుణిస్తే గంటకు ఖర్చయ్యే ద్రవం మిల్లీలీటర్లలో వస్తుంది. లీటరు ఫ్లోలో సెవో 2 శాతం అంటే గంటకు 6 మిల్లీలీటర్లు. ఐసో 1.2 శాతం అంటే మూడున్నర. డెస్ 6 శాతం అంటే 18. అదే సెవో 6 లీటర్ల ఫ్లోలో 36. మీరు లో ఫ్లోకు మారి చేసిన ఆదా ఎంతో దీంట్లోనే కనిపిస్తోంది, దాన్ని సర్జన్ గారి విసుగు చూసి వదులుకోకండి. వాతావరణం సంగతి కూడా చూడండి. వందేళ్ళ లెక్కలో డెస్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 2,500 రెట్లు, ఐసోది 500 రెట్ల పైన, సెవోది 200 లోపు. స్కాట్లండ్ 2023లో డెస్‌ను వాడుక నుంచి తీసేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి వైద్య అవసరం ఉంటే తప్ప వాడకూడదు. ప్రపంచం పక్కన పెడుతున్న మందు కోసం మనం ఇప్పుడు కొత్తగా వేపరైజర్ కొనడం నాకు సబబుగా అనిపించదు.

ఐసోను తీసిపారేయకండి. చవక, గుండె నిలకడగా ఉన్న రోగికి మంచి మందు. రెండు గంటల లోపు కేసులో, నొప్పికి నరాన్ని మొద్దుబార్చే బ్లాక్ కూడా ఇచ్చి, 0.7 మ్యాక్ మీద నడిపితే లేవడం గురించి బెంగ అక్కర్లేదు. కేసు తర్వాత వెంటిలేటర్ మీదే ఐసీయూకి వెళ్ళే రోగికి త్వరగా లేపే మందు ఎందుకు? పెద్దవయసు, పొడవాటి కేసు, సాయంత్రానికి ఇంటికి పంపాల్సిన రోగి, చిన్నపిల్లలు అయితే సెవో తీసుకోండి. పిల్లలు సెవో తర్వాత లేస్తూనే ఏడుపు, తన్నులాట, అమ్మను కూడా గుర్తుపట్టకపోవడం కనిపిస్తుంది. నొప్పి ముందే తగ్గించి, చివర్లో నరంలోకి ఇచ్చే మత్తు మందు ప్రోపోఫాల్ కొద్దిగా ఇస్తే అది బాగా తగ్గుతుంది.

అర లీటరు ఫ్లోలో సెవో వాడొచ్చా అని మీరు భయపడినట్టు రాశారు. సోడాలైమ్‌లోని ఘాటు క్షారాలతో సెవో కలిసినప్పుడు కాంపౌండ్ ఎ అనే పదార్థం పుడుతుంది, ఫ్లో తగ్గేకొద్దీ సర్క్యూట్‌లో పేరుకుంటుంది. ఎలుకల మూత్రపిండాలను అది దెబ్బతీసింది. అందుకే అమెరికా లేబుల్ మీద లీటరు కంటే తక్కువ ఫ్లో వద్దని, లీటరు దగ్గర రెండు మ్యాక్ గంటలు, అంటే ఒక మ్యాక్ మీద రెండు గంటలు, దాటొద్దని రాశారు. అయితే దాన్ని విషంగా మార్చే ఎంజైమ్ ఎలుక కిడ్నీల్లో చాలా చురుకు, మనుషుల్లో తక్కువ. ఇన్నేళ్ళ వాడకంలో మనుషుల కిడ్నీలకు ఆ దెబ్బ కనబడలేదు. అమెరికా ఎనస్థీషియాలజిస్టుల సంఘం కూడా 2023లో సెవోతో లో ఫ్లో సమ్మతమేనని చెప్పింది. ఇంకా మనసు ఒప్పకపోతే ఘాటు క్షారాలు లేని అబ్సార్బెంట్ తెప్పించండి, దాంతో కాంపౌండ్ ఎ దాదాపు పుట్టదు.

నేను నిజంగా భయపడేది ఎండిపోయిన సోడాలైమ్‌కు. శనివారం ఆక్సిజన్ తెరిచి మరిచిపోతే సోమవారానికి అది పొడిగా మారుతుంది. అప్పుడు డెస్, ఆ తర్వాత ఐసో, దానితో కలిసి కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తాయి. పల్స్ ఆక్సిమీటర్‌కు అది పట్టుబడదు, 98 చూపిస్తూనే ఉంటుంది. సోమవారం ఫ్లో తెరిచి ఉన్నట్టు కనిపిస్తే డబ్బాలోని సోడాలైమ్ రంగు చూడకుండానే మార్చేయండి.

ఆక్సిజన్ విషయంలో ఒక్క లెక్క చెబుతాను. 60 కిలోల మనిషి నిమిషానికి సుమారు 215 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. మీరు 250 ఆక్సిజన్, 250 గాలి ఇస్తే లోపలికి వెళ్ళేది 60 శాతం. అతను తన వాటా తీసుకున్నాక సర్క్యూట్‌లో మిగిలేది నిదానంగా ముప్పై చిల్లర శాతానికి దిగుతుంది. రోగి బరువు ఎక్కువైనా, లీక్ ఉన్నా ఇంకా దిగుతుంది. ఎనలైజర్ పీల్చిన శాంపిల్ గ్యాస్ కూడా నిమిషానికి 200 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, దాన్ని సర్క్యూట్‌కు తిరిగి కలపకపోతే అర లీటరు ఫ్లోలో బ్యాగ్ కుంగిపోతుంది. ఆక్సిజన్ మానిటర్, మత్తు గ్యాస్‌ను కొలిచే ఏజెంట్ ఎనలైజర్, కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రఫీ మూడింటిలో ఏ ఒక్కటి పాడైనా ఆ రోజు లో ఫ్లో మానేయండి. రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకునే కీటోఎసిడోసిస్ ఉన్నవాళ్ళకు, పొగ పీల్చి వచ్చినవాళ్ళకు కూడా వద్దు, వాళ్ళు వదిలేవి సర్క్యూట్‌లో పేరుకుంటాయి.

ఇన్ని మానిటర్లు చూడాలని చెబుతున్నప్పుడు నాకు మన హైదరాబాదే గుర్తొస్తుంది. నిజాం డబ్బుతో, బ్రిటిష్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో ఇక్కడే, క్లోరోఫాం మత్తులో మరణాలు ఎందుకు వస్తున్నాయో తేల్చే క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. తొలితరం మహిళా మత్తు డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం ఇచ్చింది ఆ ఊళ్ళోనే, ఆ కాలంలోనే. ఊపిరిని గమనిస్తే చాలు, గుండె ముందుగా ఆగదు అని కమిషన్ తేల్చింది. ఆ తీర్పులో సగమే నిజం. తేలికపాటి క్లోరోఫాం కింద గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. అంత శ్రద్ధగా పనిచేసినవాళ్ళు కూడా ఒక్క గుర్తు మీదే ఆధారపడి పొరబడ్డారు. మనకు ఇప్పుడు నాలుగైదు గుర్తులు ఒకే తెర మీద కనిపిస్తున్నాయి, వాటన్నిటినీ చూసే ఓపిక మనకు ఉండాలి.

రోగి లేవకపోతే గ్యాస్ మీదే నెపం వేయకండి. ఎండ్ టైడల్ 0.2 మ్యాక్ కిందికి వచ్చాక కూడా పలకకపోతే ఇంక వేరే కారణం వెతకాల్సిందే. కంటిపాప సూదిమొనలా ఉండి ఊపిరి నిమిషానికి ఆరు ఉంటే ఫెంటానిలో మార్ఫినో మిగిలి ఉంది. తల ఎత్తలేక, చేపపిల్లలా గిలగిల కొట్టుకుంటుంటే కండరాల మందు ఇంకా దిగలేదు. నరాన్ని కరెంటుతో తట్టి కండరాల స్పందన చూసే నరాల స్టిమ్యులేటర్ మీద, నాలుగో స్పందనకూ మొదటిదానికీ నిష్పత్తి 0.9 రాకుండా ట్యూబ్ తీయకండి. ఒళ్ళు 35 డిగ్రీల కిందికి చల్లబడితే అన్ని మందులూ ఆలస్యంగా దిగుతాయి. ఏసీ 18లో పెట్టి, చల్లటి సెలైన్ ఎక్కిస్తూ మూడు గంటలు గడిపాక డెస్ ఇచ్చినా ఐసో ఇచ్చినా రోగి వణుకుతూ మగతగానే ఉంటాడు. షుగర్ చూడటం మరవద్దు.

సూపరింటెండెంట్ గారికి రాయాల్సిందే అయితే నరాల స్టిమ్యులేటర్, ఫ్లూయిడ్ వార్మర్ అడగండి. ఏజెంట్ ఎనలైజర్ సరిగ్గా పనిచేయకపోతే ముందు దాన్ని బాగు చేయించమని అడగండి. డెస్ వేపరైజర్ కంటే ఇవి ముందు కావాలి.

రాబోయే పది కేసులు నేను చెప్పినట్టు చేసి, ప్రతి కేసుకూ నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి: చివరి కుట్టు పడినప్పటి ఎండ్ టైడల్, అప్పటి ఫ్లో, రోగి ఉష్ణోగ్రత, అక్కడి నుంచి కళ్ళు తెరవడానికి పట్టిన నిమిషాలు. అవి పంపితే కూర్చుని చూద్దాం.